కొండదారి జీపు: ఎత్తు, టైర్లు, కమానులు

మన పాఠశాల వార్షిక సంచికలో తల్లిదండ్రుల కొఱకు ఒక శాస్త్రవిషయమును సులభముగా వ్రాయుట కొన్ని సంవత్సరములుగా నాకు అప్పగింపబడిన పని. ఈ సంవత్సరము విషయమును నేను ఎన్నుకొనలేదు. అది నాలుగు చక్రములపై మా వాకిటి ముందునకు వచ్చి నిలిచినది.

గత వర్షకాలము ఆరంభమున ఒక ఆదివారము ఉదయము మన పూర్వవిద్యార్థి యొకడు తన తండ్రిగారితో కలసి పాత జీపులో వచ్చెను. వారిది కోరాపుట్ జిల్లాలో మూడు తరములుగా స్థిరపడిన కుటుంబము. కొండవాలున చిన్న తోట కలదు. తోటకు పోవు దారిలో చివరి నాలుగు కిలోమీటర్లు ఎఱ్ఱమట్టి బాట. వానలు పడినప్పుడు ట్రాక్టర్ల చక్రములు ఆ బాటను లోతైన గాడులుగా కోసివేయును. నెలకు ఒకటి రెండు మారులు అదే జీపులో పొట్టంగి, సుంకి మీదుగా ఘాటీ దిగి సాలూరులోని బంధువుల యింటికి కూడ పోవుదురు. ముందు తండ్రీకొడుకులు, వెనుక నాయనమ్మగారు, ఇద్దరు పిల్లలు కూర్చుందురు.

పెద్దాయన కుర్చీలో కూర్చుండి ఇట్లనెను: "మాస్టారూ, వీడు బండిని నాలుగు అంగుళాలు ఎత్తు చేయించి పెద్ద టైర్లు వేయిస్తానంటున్నాడు. నేను వద్దంటున్నాను. ఎందుకు వద్దో చెప్పమంటాడు. నాకు భయమే తప్ప కారణం తెలియదు."

కుమారుడు వినయముగనే బదులు చెప్పెను: "నాన్నగారి భయానికి నేనేం జవాబు చెప్పను మాస్టారూ? మీరు లెక్క వేసి వద్దంటే మానేస్తాను."

ఈ మాట నాకు నచ్చినది. భయమునకు లెక్క తోడైనచో అది వివేకమగును. లెక్క చూడగా భయము తొలగిపోయిన సందర్భములును కలవు. కనుక కొలత టేపు తెప్పించి, ముగ్గురమును జీపు కడకు నడచితిమి. ఆ ఉదయము మేము చూచినదియు, లెక్కించినదియు ఇక్కడ క్రమముగా వ్రాయుచున్నాను.

1. మొదట చూడవలసినది: నేలకు తగులునది ఏది?

బండి ఎత్తు చేయవలెనని కోరువారు సామాన్యముగా ఒక విషయమును మఱతురు. బండి క్రింద నేలకు తగులు చోట్లు మూడు విధములు. ఒకటి, ఇరుసు మధ్యనుండు గుండు. దీనిలో డిఫరెన్షియలు పండ్లచక్రములు ఉండును. రెండవది, ముందు వెనుక చక్రముల నడుమ ఛాసిస్ యొక్క పొట్ట. మూడవది, చక్రములను దాటి ముందుకు వెనుకకు పొడుచుకొని వచ్చు బంపర్లు.

కొత్త బండ్లకు తయారీదారులు ఈ కొలతలను ప్రకటింతురు. 2020లో విడుదలయిన మహీంద్రా థార్‌కు నేలనుండి ఎడము 226 మి.మీ. అనియు, ముందువైపు ఎక్కగల కోణము సుమారు 41 డిగ్రీలు, వెనుకవైపు దిగగల కోణము సుమారు 36 డిగ్రీలు, మధ్య పొట్ట తగులకుండ దాటగల కోణము సుమారు 27 డిగ్రీలు అనియు చెప్పుదురు. 2023లో మన దేశమున అమ్మకమునకు వచ్చిన మారుతి జిమ్నీకి నేలనుండి ఎడము 210 మి.మీ. ఏ మార్పును చేయకుండ కర్మాగారమునుండి వచ్చిన బండ్ల కొలతలివి. ఎవరైనను బండిని ఎత్తు చేయనెంచినచో ఈ అంకెలను ముందుగా మనసులో నుంచుకొనుట మంచిది.

మేము జీపు క్రింద పడుకొని చూచితిమి. పొట్టకు ఒక్క గీత కూడ లేదు. బంపర్లు శుభ్రముగా ఉన్నవి. వెనుక ఇరుసు గుండు మాత్రము రాళ్లకు రాచుకొని మెఱయుచున్నది. పిమ్మట చక్రపు నడిబొడ్డునుండి మడ్గార్డు అంచువఱకు రెండు వైపులను కొలిచితిమి. కుడివైపుకంటె ఎడమవైపు 30 మి.మీ. తక్కువ! వెనుక ఎడమ కమాను పట్టీలు ఏండ్ల బరువుచే చదునై పోయినవి.

ఇక్కడనే సగము ప్రశ్న తీరినది. ముందు వెనుక రెండును గట్టి ఇరుసులైన బండిలో కమానులను ఎంత ఎత్తు చేసినను ఇరుసు గుండు ఒక్క మిల్లీమీటరు కూడ పైకి రాదు. ఇరుసు చక్రములపై నిలుచును. కమాను ఇరుసుపై నిలుచును. కమాను ఎత్తయినచో పైనున్న బాడీ మాత్రమే లేచును. గుండును పైకెత్తగలిగినది టైరు ఒక్కటియే. కుఱ్ఱవాడు నాలుగు అంగుళములకు డబ్బు కూడబెట్టెను గాని, అతని బండికి తగులుచున్న చోట ఆ నాలుగు అంగుళములు పని చేయవు.

2. టైరు లెక్క

టైరు ప్రక్కన వ్రాసిన అంకెలు గూఢలిపి కాదు. ఆ జీపు టైరుపై 215/75 ఆర్ 15 అని యున్నది. 215 అనగా వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అనగా ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు, అనగా 161 మి.మీ. 15 అనగా రిమ్ము వ్యాసము అంగుళములలో, అనగా 381 మి.మీ. రిమ్ముకు పైనొక గోడ, క్రిందనొక గోడ కలుపగా టైరు మొత్తము వ్యాసము సుమారు 703 మి.మీ. అగును. ఆఱవ తరగతి పిల్లవాడు ఈ లెక్క చేయగలడు; ఇంటనున్న కారు టైరుతో చేయించి చూడుడు.

ఇదే రిమ్ముకు 235/75 ఆర్ 15 వేసినచో వ్యాసము 733 మి.మీ. కొందఱు ఆశపడు 31 అంగుళముల టైరు వేసినచో 787 మి.మీ. వ్యాసము పెరిగినదానిలో సగము మాత్రమే ఇరుసునకు దక్కును. కావున మొదటిదానిచే 15 మి.మీ., రెండవదానిచే 42 మి.మీ. ఎడము పెరుగును.

ఈ 42 మి.మీ. ఉచితముగా రాదు. చక్రము చుట్టుకొలత నూటికి 12 వంతులు పెరుగుటచే వేగము చూపు ముల్లు 60 అన్నప్పుడు బండి నిజముగా 67 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. ఇంజను త్రిప్పుబలము నేలను చేరునప్పటికి తగ్గును; నిట్టకొండ ఎక్కునప్పుడు గేరు ఎత్తయినట్లు తోచును. బ్రేకులు పెద్ద చక్రమును ఆపుటకు ఎక్కువ శ్రమ పడవలెను. స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడు వెడల్పు టైరు కమానునకో మడ్గార్డునకో రాచుకొనును. ఆ రాపిడి తప్పించుటకే తిరిగి బాడీని ఎత్తవలసి వచ్చును. పెద్ద టైరు ఎత్తును కోరును, ఎత్తు మఱికొన్ని మార్పులను కోరును. ఖర్చు ఈ వరుసలోనే పెరుగును.

కొలతవలెనే టైరు జాతియు ముఖ్యము. తారురోడ్డు టైరు, దీనిని హెచ్.టి. అందురు, నిశ్శబ్దముగా పోవును, బురదలో పళ్లు పూడిపోయి జారును. అన్ని నేలల టైరు, అనగా ఎ.టి., రోడ్డునకును మట్టిబాటకును నడిమి మార్గము. బురద టైరు, అనగా ఎమ్.టి., పెద్ద పెద్ద గడ్డలతో బురదను త్రవ్వి చిమ్మును. కాని తడిసిన తారురోడ్డుపై దాని పట్టు తక్కువ, మ్రోత ఎక్కువ, అరుగుదల వేగము. నూటికి తొంబది పాళ్లు తారుపై తిరుగు కుటుంబపు బండికి ఎమ్.టి. వేయుట పెండ్లికి గొంగళి కప్పుకొని పోవుట వంటిది.

కొనునప్పుడు మఱి రెండు చూడవలెను. బరువు సూచిక: 100 అని యున్నచో ఆ టైరు 800 కిలోలు మోయగలదు, 110 అని యున్నచో 1,060 కిలోలు. తయారీదారు చెప్పిన సూచికకంటె తక్కువది కొనరాదు. తేదీ: నాలుగు అంకెలు ఉండును, 2324 అనగా 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనది. ఎక్కువ తగ్గింపునకు వచ్చు టైరు కొన్ని వేళల పాతసరకు అయి ఉండును.

గాలి విషయము కూడ చెప్పవలెను. మెత్తని బురదలోను ఇసుకలోను గాలిని 30 పౌన్లనుండి 20 పౌన్ల దాపునకు తగ్గించినచో టైరు పొడవుగా పఱచుకొని నేలను పట్టును. దీనికి ఖర్చు లేదు. అయితే అప్పుడు నెమ్మదిగా పోవలెను. మరల తారురోడ్డు ఎక్కుటకు ముందు గాలి తప్పక నింపుకొనవలెను. అందుకు ఒక చిన్న గాలిపంపు, ఒక కొలత మీటరు బండిలో ఉన్నచో చాలును.

3. ఎంత ఎత్తునకు ఎంత వెల?

ఎత్తు చేయు పద్ధతులు పలు విధములు. ఎక్కువ వంపుగల కమానులను గాని, పొడవైన చుట్ట స్ప్రింగులను గాని వేయుట ఒకటి. స్ప్రింగుపై దిమ్మను పెట్టుట మఱియొకటి. కమాను చివరనుండు షాకిల్ బద్దలను పొడవు చేయుట ఇంకొకటి. ఛాసిస్‌నకును బాడీకిని నడుమ దిమ్మలు పెట్టి బాడీని మాత్రమే లేపుట వేఱొకటి. దీనివలన టైరుకు చోటు దొరకును గాని పొట్ట ఎత్తు పెరుగదు.

అంగుళము వఱకు ఎత్తినచో సామాన్యముగా మిగిలిన భాగములు ఓర్చుకొనును. రెండు అంగుళములు దాటినప్పటినుండి ఒక్కొక్కటియే మొఱపెట్టుకొనును. షాక్ అబ్జార్బర్లు పొట్టివై, చక్రము దిగినప్పుడు చివరవఱకు లాగబడును. బ్రేకు గొట్టములు బిగిసిపోవును. ముందు ఇరుసు వాలు మారి, స్టీరింగు తనంతట తాను తిన్నగా వచ్చు గుణము తగ్గును. బండి రోడ్డుపై అటునిటు తిరుగాడును. మూడు నాలుగు అంగుళములకు వచ్చునప్పటికి గేరుపెట్టె నుండి ఇరుసునకు పోవు షాఫ్టు కోణము పెరిగి దాని కీళ్లు త్వరగా అరుగును. హెడ్‌లైట్లు ఎదుటివారి కన్నులలోనికి కొట్టును. ఇవన్నియు సరిచేసినప్పుడే ఆ ఎత్తు పూర్తియైనట్లు. దిమ్మలు మాత్రము పెట్టి, మిగిలినవి విడిచిపెట్టిన బండి సగము కట్టిన వంతెన వంటిది.

4. వాలుడు లెక్క

ఇక పెద్దాయన భయమునకు వత్తును. దానికి శాస్త్రములో పేరు కలదు. బండి బరువంతయు ఒక బిందువున ఉన్నట్లు భావించినచో దానిని గురుత్వకేంద్రము అందుము. ఎడమ కుడి చక్రముల నడిమి దూరములో సగమును గురుత్వకేంద్రపు ఎత్తుచే భాగించగా వచ్చు సంఖ్య బండి నిలకడను తెలుపును.

లెక్క సులభముగా నుండుటకు చక్రముల నడిమి దూరము 1,400 మి.మీ., గురుత్వకేంద్రపు ఎత్తు 700 మి.మీ. అనుకొందము. 700ను 700చే భాగించగా నిలకడ 1. అనగా కాగితముపై ఆ బండి 45 డిగ్రీల వాలువఱకు పడదు. 25 మీటర్ల వ్యాసార్ధముగల మలుపులో సుమారు 56 కిలోమీటర్ల వేగమువఱకు పల్టీ కొట్టదు.

ఇప్పుడు కమానులతో నాలుగు అంగుళములు ఎత్తుదము. చక్రములు, ఇరుసులు లేవవు గనుక గురుత్వకేంద్రము సుమారు 80 మి.మీ. లేచినదనుకొందము. 31 అంగుళముల టైర్లచే మఱి 42 మి.మీ. మొత్తము 822. నిలకడ 0.85. పడు కోణము 40 డిగ్రీలు. అదే మలుపున వేగపు హద్దు 52.

ఆ పైన, 1,500 కిలోల బండి పైకప్పుమీద పండుగకు 100 కిలోల సామాను కట్టినారనుకొందము. గురుత్వకేంద్రము 898 మి.మీ.కు చేరును. నిలకడ 0.78. కోణము 38 డిగ్రీలు. వేగపు హద్దు 50.

"మాస్టారూ, ఆఱు కిలోమీటర్ల తేడాయే గదా!" అని కుఱ్ఱవాడు అడిగెను. ప్రశ్న న్యాయమైనది. జవాబు ఇది. పొడి తారురోడ్డుపై మంచి టైరు పట్టును కొలుచు ఘర్షణగుణకము సుమారు 0.8 ఉండును. బండి నిలకడ దానికంటె ఎక్కువైనచో, మలుపులో వేగము మించినప్పుడు టైర్లు ముందుగా జారును. నడుపువాడు హెచ్చరిక పొంది తగ్గించుకొనవచ్చును. నిలకడ దానికంటె తక్కువైనచో బండి జారక మునుపే పల్టీ కొట్టును. 1 నుండి 0.78కి దిగుట అనగా ఆ గీతను దాటుట. అంతియే గాక, ఇది కదలని ఇనుపదిమ్మకు వేసిన లెక్క. నిజమైన బండిలో మలుపునందు వెలుపలి కమాను నొక్కుకొనును, టైరు వంగును, బరువు ప్రక్కకు ఒరుగును. కనుక అసలు హద్దు ఇంకను ముందే వచ్చును. సుంకి ఘాటీలో ఎదురుగా లారీ వచ్చినప్పుడు స్టీరింగు చటుక్కున త్రిప్పవలసి వచ్చును. అప్పుడు లెక్క వేసికొనుటకు ఎవ్వరికిని తీరిక ఉండదు.

తండ్రిగారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట మెల్లగా, "అమ్మకి ఇప్పుడే మెట్టు అందదు" అనెను. నేను వేసిన లెక్కలో లేని కొలత అది. వెనుక కూర్చుండు ముసలియామె మోకాలి ఎత్తును కూడ బండి ఎత్తు నిర్ణయించువారు తలచుకొనవలెను.

5. కమానులు, షాకులు

కమాను బరువును మోయును. షాక్ అబ్జార్బరు ఊపును అణచును. ఈ రెండు పనులను కలుపరాదు. ఎత్తు కొఱకు ఎక్కువ పట్టీలు చేర్చినచో కమాను గట్టిపడును. ఖాళీగా పోవునప్పుడు బండి ఎగిరిపడును, చక్రము గుంతలోనికి దిగక గాలిలో నిలుచును. నేలను వదలిన చక్రము లాగజాలదు. మట్టిబాటలో మేలైన బండి అనగా ఎత్తైన బండి కాదు, నాలుగు చక్రములను నేలకు ఆనించి ఉంచగల బండి. కావున నిత్యము మోయు బరువునకు తగిన కమాను, ఆ కమానునకు తగిన షాకు, ఈ వరుసలో ఎన్నుకొనవలెను. అరిగిన బుష్షులు, వదులైన యు-బోల్టులు ఉన్న బండికి ఏ కొత్త షాకును మేలు చేయజాలదు.

6. చట్టము

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరపు సవరణ చట్టముచే చేర్చబడిన 182-ఎ సెక్షను, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆఱు మాసముల వఱకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చునని చెప్పుచున్నది. ప్రమాదము జరిగినప్పుడు బీమా కంపెనీవారు కూడ ఈ మార్పులను గూర్చి ప్రశ్నింతురు. కావున బహిరంగ రోడ్డుపై తిరుగు బండికి, తయారీదారు ఆ నమూనాకు అంగీకరించిన టైరు కొలతలను, భాగములను దాటిపోరాదు. ఎత్తుబండ్ల వేడుక కోరువారికి ప్రత్యేక మైదానములలో జరుగు పోటీలు కలవు. అచటికి కుటుంబమును ఎక్కించుకొని పోరు.

7. చివరకు చేసినదేమి?

కుఱ్ఱవాడు మాట నిలుపుకొనెను. అసలు కొలతలోనే నాలుగు కొత్త కమాను కట్టలు, బుష్షులు, యు-బోల్టులు వేయించెను. వాటికి తగిన షాకులు మార్పించెను. బండి పుస్తకములో 215/75 ఆర్ 15 మాత్రమే ఉన్నది గనుక అదే కొలతలో ఎ.టి. టైర్లు కొనెను. ఎడమవైపు పోయిన 30 మి.మీ. తిరిగి వచ్చినది. ఇరుసు గుండు కొఱకు అతడు బండిని వదలి దారిని సవరించెను: ఇద్దఱు మనుష్యులతో రెండు దినములు పని చేయించి, లోతైన గాడులను రాళ్లతో పూడ్పించెను. పూడ్చని చోట చక్రములను గాడిలో దింపక గట్లమీద నడుపుట నేర్చుకొనెను. శ్రావణమాసములో కలిసినప్పుడు, "ఒక్క చోట ఇంకా రాసుకుంటోంది మాస్టారూ. వచ్చే వేసవికి అక్కడా రాళ్లు పోయిస్తాను" అని చెప్పెను.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ లెక్కను మీ పిల్లలతో ఇంటియందే చేయవచ్చును. ఒక పలకమీద బొమ్మకారును అడ్డముగా నిలిపి, అది జారకుండ క్రిందివైపు చక్రముల ప్రక్కన సన్నని పుల్లను అంటింపుడు. పలకను మెల్లగా ఒక ప్రక్కకు ఎత్తి, కారు ఎంత వాలున పడునో కోణమానినితో కొలువుడు. తరువాత కారుపై ఒక రబ్బరుముక్కను కట్టి మరల కొలువుడు. పడుటకు ముందు, ఏమి జరుగునో పిల్లవానినే చెప్పుమనుడు. గురుత్వకేంద్రము, ఘర్షణ, వ్యాసార్ధము అను మాటలను అప్పుడు తెలుగులోనే పలుకుడు.

మన పిల్లలు బడి వెలుపల ఒడియాలోను ఇంగ్లీషులోను సమర్థముగా మాటాడుచున్నారు, అది సంతోషకరము. కాని ఇంట పెద్దలు "వద్దు" అని తెలుగులో చెప్పి, "ఎందుకు" అనునది మాత్రము చెప్పలేకపోయినచో, తెలుగు మందలింపులకే పరిమితమైన భాష యని పిల్లలు తలచు ప్రమాదము కలదు. ఆ ఆదివారము మా వాకిట జీపు ప్రక్కన జరిగిన సంభాషణ అంతయు తెలుగులోనే జరిగినది. ఒక్క లెక్కయు భాష చాలక ఆగలేదు.